గోడకు పూసే పని ఎవరిది?

అమ్మ ఇంటి మీద రెండు గదులు వేయించినప్పుడు పని చూసుకునే బాధ్యత నా మీద పడింది. హైదరాబాదు శివార్లలో ఇల్లు. పొద్దున్నే మేస్త్రీ అడ్డా దగ్గరికెళ్ళి ఇద్దరు ఆడకూలీలనూ, మాలు కలిపే ఒక కుర్రవాణ్ణీ వెంటబెట్టుకొచ్చేవాడు. ఇటుక గోడలు లేచాయి, స్లాబు పడింది, గిలాబు మొదలైంది. ఆంధ్ర వైపు ప్లాస్టింగు అనేదాన్నే ఇక్కడ గిలాబు అంటారు. ఆ ఇద్దరిలో పెద్దామెది పాలమూరు వైపు. ఇసుక జల్లించడం, నీళ్ళు మోయడం, మాలు నింపిన గమేళా నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి, గోవ మీద నిలబడ్డ మేస్త్రీకి అందించడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా అదే పని.

ఒకరోజు మధ్యాహ్నం మేస్త్రీ ఫోను మాట్లాడుకుంటూ కిందికి దిగాడు. ఆమె గోడ వంక చూసి, "ఆ మూలకు నీళ్ళు తక్కువ కొట్టిండు. పర్రెలు వడ్తది" అంది. రెండు రోజుల తరవాత సరిగ్గా అక్కడే పర్రె కనిపించింది. నీకెట్లా తెలిసింది అక్కా అని అడిగాను.

"ఎందుకు తెల్వదు మేడం? మా ఇంట్ల గోడలన్నీ నేను పూసినయే. చిన్నప్పటిసంది పూస్తున్న. మట్టితోని పూస్తే నా పని, సిమెంటుతోని పూస్తే ఆయన పని. గదెట్లనో నాకు సమజ్ కాదు."

నా చదువు సాహిత్యం. స్త్రీల రచనల్లో ఏది సాహిత్యంగా లెక్కకొచ్చింది, ఏది ఇంటి కబుర్లుగా మిగిలిపోయింది అన్న ప్రశ్న చుట్టూ కొన్నేళ్ళు తిరిగాను. ఆ ప్రశ్నే మా ఇంటి మిద్దె మీద, సిమెంటు దుమ్ములో నిలబడి ఆమె నన్నడిగింది. ఏది నైపుణ్యం? ఎవరు చేస్తే నైపుణ్యం? ఈ వ్యాసం ఆ రెండు వాక్యాలకు జవాబు వెతుక్కునే ప్రయత్నం.

మాటలో దాగిన మట్టి

ముందు నాకు తెలిసిన దారిలోనే, మాటల దగ్గర మొదలుపెడతాను. గిలాబు ఉర్దూ ద్వారా మనకొచ్చిన పారశీక పదం. గిల్ అంటే బంకమట్టి, ఆబ్ అంటే నీళ్ళు. సిమెంటు పుట్టకముందే పుట్టిన మాట అది, మట్టీ నీళ్ళూ కలిపిన ముద్దకు పేరు. పదార్థం మారింది, పని చేసే మనిషి మారింది, పేరు మాత్రం మట్టిలోనే ఉండిపోయింది. మేస్త్రీ అన్నది పోర్చుగీసు నుంచి వచ్చింది. ఆ భాషలో మెస్త్రే అంటే గురువు, పనిలో ఆరితేరినవాడు. మన వాడుకలో ఆడకూలీ అంటాం, మగమేస్త్రీ అనం. మేస్త్రీకి లింగం చెప్పే అవసరం భాషకెప్పుడూ రాలేదు.

శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో తాజ్‌మహల్ కట్టిన శ్రమ ఎవరిదని నిలదీశాడు. ఆ నిలదీత మా తరానికి బళ్ళోనే కంఠతా వచ్చింది. కాని ఆ కూలీల్లో ఎవరి చేతికి ఏ పనిముట్టు ఉండేది, ఎవరి నెత్తిన ఏ బరువుండేది అన్న తరవాతి ప్రశ్న మనం అడగలేదు. కూలీ అనే ఒక్క మాట కింద తాపీ పట్టినవాడూ, తట్ట మోసినదీ కలిసిపోయారు. ఆ కలపడంలో పోయింది ఎవరో చెప్పనక్కర్లేదు.

మొదటి నైపుణ్యం

మట్టి గోడకు పూయడం ఎంత పనో, చేసినవాళ్ళని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే తెలుస్తుంది. ఎర్రమట్టి, చోటును బట్టి పుట్టమన్ను, చిన్న ముక్కలుగా నరికిన వరిగడ్డి లేదా ఊక, పేడ. వీటిని కలిపి నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి, కొన్ని రోజులు నాననిస్తారు. గడ్డి మురిగి జిగురొస్తుంది. మట్టిలో బంక ఎక్కువైతే ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, ఇసుక ఎక్కువైతే చెయ్యి తగిలితే రాలుతుంది. ఏ పాలు ఎంతో చెప్పే పుస్తకం లేదు. పిడికిట్లో ముద్ద నొక్కి చూస్తే చెయ్యి చెబుతుంది. పొడి గోడ మీద పూస్తే గోడే ముద్దలోని నీళ్ళు తాగేస్తుంది, అందుకని ముందు గోడ తడపాలి. అరచేతి మడమతో కిందినుంచి పైకి ఒత్తుకుంటూ పోవాలి. మూలల దగ్గర వేళ్ళు, నడుమ అరచెయ్యి. ఆరాక సన్నమట్టీ పేడా కలిపిన రెండో పూత. పైన సున్నం, కింద జాజు పట్టీ. దసరాకో సంక్రాంతికో ఏటేటా మళ్ళీ మొదలు.

ఇప్పుడు సిమెంటు గిలాబు సంగతి చూడండి. లోపలి గోడకు సాధారణంగా ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక, మందం 12 మిల్లీమీటర్లు. బయటి గోడకు సిమెంటు పాలు పెంచి కొంచెం మందంగా. స్లాబు అడుగుకు ఇంకా గట్టి పాలు, 6 మిల్లీమీటర్ల పల్చని పూత. సిమెంటు ఎక్కువైతే పగుళ్ళు, ఇసుక ఎక్కువైతే రాలుడు. ముందు గోడ తడపాలి. అరగంటలో బిగుసుకోవడం మొదలవుతుంది కాబట్టి కలిపిన మాలు వెంటవెంటనే వాడెయ్యాలి. తరవాత కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టాలి. రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎనిమిదో వంతు తేడా కూడా కనిపించదు. పదార్థం గుణం పట్టుకోవడం, తడి తెలుసుకోవడం, పొర మీద పొర వెయ్యడం, ఆరే వేళను కనిపెట్టుకుని ఉండడం: పని గుండెకాయ ఇదే. మా మిద్దె మీద ఆమె పర్రెను రెండు రోజుల ముందే చూసిందంటే అదే కారణం.

కొత్తదేమీ లేదని కాదు. నిజాయితీగా చెప్పాలంటే ఉంది. మట్టి గోడ వంపును ఒప్పుకుంటుంది, సిమెంటు గోడ ఒప్పుకోదు. దానికి తూకం గుండు కావాలి, రసమట్టం కావాలి. గోడ మీద అక్కడక్కడ చిన్న ముద్దలు పెట్టి, గుండు వేలాడదీసి అవన్నీ ఒక్క మట్టానికి వచ్చాయని చూసుకుని, వాటి మధ్య మాలు నింపి, పొడుగు బద్దతో లాగి చదును చేస్తారు. తాపీ మీద మాలు ఎత్తి మణికట్టు విసురుతో గోడకు కొట్టడం అలవాటు కావాలి. ఇది నేర్చుకోవలసిన విద్యే. కాని నేర్చుకోలేని విద్య కాదు. మట్టి పూత తెలిసిన చేతికి ఇది రెండో మెట్టు మాత్రమే. మనం ఆమెను ఏ మెట్టూ ఎక్కని మనిషిగా లెక్కగట్టి, 'అన్‌స్కిల్డ్' అన్న డబ్బాలో పడేశాం.

ఇక్కడొక జాగ్రత్త చెప్పుకోవాలి. మట్టి గోడను తలుచుకుని పరవశించే హక్కు నాకు లేదు. అలకడం, పూయడం జీతం లేని పని. పండగ ముందు నడుములు విరిగే పని. ఎవరింటిని వాళ్ళే అలుక్కున్నారన్నదీ సగం నిజమే. ఉన్నవాళ్ళ ఇళ్ళ గోడలు పూసింది ఎక్కువగా కింది కులాల ఆడవాళ్ళు. గింజలకో, పాత చీరకో, అదీ లేకుండానో పూశారు. సిమెంటు గచ్చు వచ్చినప్పుడు మా అమ్మమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుందట. ఆ హాయిని నేను కాదనలేను. కాని రెండు సంగతులూ ఒకేసారి నిజం. సిమెంటు స్త్రీలను ఒక చాకిరీ నుంచి విడిపించింది. ఆ చాకిరీ లోపలున్న విద్యకు మొదటిసారి కూలి కట్టే రోజు వచ్చేసరికి, ఆ విద్యను వాళ్ళ చేతుల్లోంచి తీసుకుంది.

సున్నం నుంచి సిమెంటు దాకా

మట్టికీ సిమెంటుకీ మధ్య సున్నం ఉంది. 1591 నాటి చార్మినారు మీద, కుతుబ్‌షాహీ సమాధుల మీద మనం చూసే పూలూ లతలూ సున్నపు గచ్చుతో చేసినవే. దానికి ఎద్దులతో తిప్పే గానుగలో సున్నం, ఇసుక నూరేవాళ్ళు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపేవాళ్ళు. పువ్వు చెక్కిన కళాకారుడు మగవాడు. సున్నం దంచి, సురికి జల్లించి, పని దగ్గరికి మోసుకొచ్చిన చేతుల్లో ఆడవాళ్ళవి చాలా. మద్రాసు టెర్రసు అని పేరుపడ్డ పాతకాలపు మిద్దెలకు దూలాల మీద ఇటుకలు పేర్చి, ఆ పైన సున్నపు కాంక్రీటు పోసి, రోజుల తరబడి చెక్కలతో కొట్టేవాళ్ళు. ఆ కొట్టేది వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళు. బెల్లం నీళ్ళు చల్లుకుంటూ, పాటలు పాడుకుంటూ దరువేసినట్టు కొట్టేవాళ్ళు. మిద్దె కురవకపోవడానికి ఆ దెబ్బలే కారణం. ఆ పనికి మాత్రం ఏ బిరుదూ రాలేదు.

పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో తయారీకి తొలి ప్రయత్నం 1904లో మద్రాసులో జరిగింది. అయితే అది ఊళ్ళలోకి నిజంగా వచ్చింది చాలా ఆలస్యంగా. సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణను 1982లో కొంత, 1989లో పూర్తిగా ఎత్తేశారు. అదే కాలంలో బలహీన వర్గాల పక్కా ఇళ్ళ పథకాలు ఊపందుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది, కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. పక్కా అంటే సిమెంటు అని అర్థం స్థిరపడింది. మట్టి గోడ కచ్చా అయింది. దానితోపాటు దాన్ని పూసే మనిషి విద్య కూడా కచ్చా అయింది. ఇల్లు తన పేరు మీద వచ్చినా, ఆ ఇంటి గోడకు పూయడానికి ఆమె బయటినుంచి మేస్త్రీని పిలవాలి. తను అతనికి మాలు అందించాలి.

ఇది మన ఒక్కచోట జరిగింది కాదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో అడోబీ అనే పచ్చి ఇటుకల ఇళ్ళుంటాయి. ఇటుక పేర్చేది మగవాళ్ళు, మట్టి పూసేది ఆడవాళ్ళు. వాళ్ళకొక పేరుంది, ఎన్‌హర్రదోరాలు. అంటే పూతపని చేసే స్త్రీలు. సిమెంటు వచ్చి వాళ్ళనూ పక్కకు నెట్టింది. రాంచోస్ దె తావోస్ ఊళ్ళోని శాన్ ఫ్రాన్సిస్కో చర్చికి 1967లో మట్టి పూత తీసేసి సిమెంటు పూశారు. సిమెంటు పొర వెనక నీళ్ళు చిక్కుకుని గోడలు లోపల్లోపల దెబ్బతిన్నాయి. 1979లో సిమెంటంతా ఊడగొట్టి మళ్ళీ మట్టికి వచ్చారు. ఇప్పుడు ఏటా ఊరంతా చేరి పూస్తారు. తావోస్‌కు చెందిన అనిటా రోడ్రీగెజ్ అనే చిత్రకారిణి పెద్దవాళ్ళ దగ్గర ఈ పని నేర్చుకుని, వృత్తిగా చేసి, దాని గురించి రాసింది కూడా. మన భాషలో నాకు ఆ పేరు లాంటి పేరు ఒక్కటీ దొరకలేదు. అలికే ఆమె, పూసే ఆమె అన్నవి క్రియలు. వృత్తి పేర్లు కావు. పేరు లేని పనిని కోల్పోతే, కోల్పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

నెత్తి మీద బరువు

పాలమూరు లేబరు చరిత్ర అంటే ఆనకట్టల చరిత్ర. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కాంక్రీటుతో కాకుండా రాతికట్టుతో కట్టడానికి ఒక కారణం ఇక్కడ మనుషుల శ్రమ చవకగా, విరివిగా దొరకడం. ఆనాటి ఫొటోల్లో వాలుగా కట్టిన దారుల మీద చీమల బారుల్లా తట్టలు మోస్తున్న స్త్రీలు కనిపిస్తారు. దేశం గర్వపడిన ఫొటోలవి. వాటిలో తాపీ పట్టిన స్త్రీని నేను వెతికాను. కనబడలేదు.

ఆడవాళ్ళు తాపీ ఎందుకు పట్టరు అంటే వెంటనే వచ్చే జవాబు, బలం చాలదని. ఈ మాట ఎవరన్నా నాకు మా మిద్దె మెట్లు గుర్తొస్తాయి. తాపీ మీదికి ఒకసారి ఎత్తే మాలు కిలో, మహా అయితే రెండు కిలోలు. గమేళాలో నెత్తికెత్తేది దానికి ఎన్నో రెట్లు. రోజంతా ఎక్కువ బరువు మోసే మనిషిని తక్కువ బరువు మోసే పనికి బలం చాలదంటున్నాం. రెండో జవాబు, గోవ ఎక్కలేరని. గోవ మీదున్నవాడికి మాలు అందించేది గాల్లోంచి కాదు కదా.

అసలు కారణం పని నేర్చుకునే పద్ధతిలో ఉంది. ఈ రంగంలో బడి లేదు. చూసి నేర్చుకోవడమే. కూలీగా చేరిన కుర్రవాడు మధ్యాహ్నం మేస్త్రీ అన్నం తింటున్నప్పుడు తాపీ తీసుకుని ఒక మూల కొట్టి చూస్తాడు. మేస్త్రీ రెండు తిట్లు తిట్టి సరిచేస్తాడు. రెండు మూడేళ్ళకు వాడు చిన్న మేస్త్రీ అవుతాడు. అదే మధ్యాహ్నం స్త్రీ ఏం చేస్తుంది? చెట్టుకు కట్టిన ఉయ్యాల్లోని పిల్లకు పాలిస్తుంది, భర్తకు సద్ది విప్పుతుంది, నీళ్ళ డ్రమ్ము నింపుతుంది. విద్య దొరికే ఆ అరగంటే ఆమెకు దొరకదు. దొరికినా, ఆమె చేతిలో తాపీ చూస్తే నవ్వుతారు. చాలాచోట్ల జంటగానే పనికి పిలుస్తారు. భర్త మేస్త్రీ అయితే ఆమె అతని కూలీ. ఆమె కూడా మేస్త్రీ అయితే వాళ్ళిద్దరికీ కూలీని వేరే పెట్టుకోవాలి. ఆ లెక్క గుత్తేదారుకూ నచ్చదు, ఇంట్లోనూ నచ్చదు.

చట్టం ఈ ముడి దగ్గరే ఆగిపోయింది. 1976 నాటి సమాన వేతన చట్టం ఒకే పనికి, లేదా ఒకే స్వభావం ఉన్న పనికి స్త్రీ పురుషులకు ఒకే వేతనం ఇవ్వాలంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల మీద పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆనాటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. స్త్రీలకు 7 రూపాయలే ముడుతున్నాయనీ, మిగతాది జమాదార్లు మింగుతున్నారనీ ఫిర్యాదు. కనీస వేతనం కూడా ఇవ్వకపోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని కోర్టు ఆ తీర్పులో చెప్పింది. గొప్ప తీర్పే. కాని పనే వేరుగా పంచిపెట్టినప్పుడు సమాన పని అన్న మాటకు చోటెక్కడ? మేస్త్రీకొక కూలి, కూలీకొక కూలి. చట్టం దృష్టిలో తప్పేమీ లేదు. మేస్త్రీలందరూ మగవాళ్ళే, ఆడవాళ్ళందరూ కూలీలే కావడం చట్టానికి కనిపించదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో ఈ చట్టం కలిసిపోయింది. వివక్ష కూడదన్న మాట అక్కడా ఉంది, ముడీ అలాగే ఉంది.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలంది. మా ఇంటి మీద పనిచేసింది ఇద్దరు స్త్రీలు. ఊళ్ళోని ఇళ్ళు చాలావరకు ఇద్దరు ముగ్గురితోనే లేస్తాయి. మా గదుల కోసం వచ్చినామె మనవరాలు ఇసుక కుప్ప మీద ఆడుకుంది. ఇంటి మనిషిగా నేనూ అప్పుడేమీ చెయ్యలేదు, ఒక చాప ఇచ్చానంతే. ఇది రాస్తున్నప్పుడు ఆ చాప నా కళ్ళముందు పరుచుకుంటోంది.

రెండో నైపుణ్యం

నిర్మాణ రంగంలో రెండో పని నేర్చుకోమని ఇప్పుడు చాలామంది చెబుతుంటారు. మగవాళ్ళ విషయంలో అది బాగానే పనిచేస్తుంది. కరెంటు పనివాడు గోడ కోసి పైపులు పెడతాడు. ఆ కోసిన గాట్లు పూడ్చడం కూడా వస్తే ఇంకొకరి కోసం ఎదురుచూడకుండా పని ముగించి మొత్తం డబ్బు తనే తీసుకుంటాడు. టైల్సు వేసేవాడికీ అంతే, అడుగున పూత మట్టంగా ఉంటేనే టైలు సరిగ్గా కూర్చుంటుంది. మొదటి పని మీద రెండోది చేరుతుంది. స్త్రీ దగ్గరికొచ్చేసరికి చేరడానికి మొదటిదేదీ లెక్కలో లేదు. అందుకే ఆమెకు నేర్పేవాళ్ళందరూ సున్నా నుంచి మొదలుపెడతారు. ఆమె కూడా తనకేమీ రాదనే అనుకుని కూర్చుంటుంది.

అయినా నేర్చుకున్నవాళ్ళున్నారు, ఆ చరిత్రను మనం చెప్పుకోవాలి. స్వయంఉపాధి, అసంఘటిత రంగ స్త్రీల మీద ఇలా భట్ అధ్యక్షతన వేసిన కమిషన్ 1988లో 'శ్రమశక్తి' నివేదిక ఇచ్చింది. ఆ కాలంలోనే, 1980ల చివర్లో, కేరళలో త్రిశూర్ ప్రాంతంలో మరుగుదొడ్లు కట్టే కార్యక్రమంలో స్త్రీలకు తాపీ పని నేర్పారు. అక్కడినుంచే స్త్రీ మేస్త్రీల సంఘం పుట్టింది. అహ్మదాబాదులో సేవా సంస్థ 2003లో నిర్మాణ కార్మికుల కోసం కర్మికా అనే బడి పెట్టింది. ఝార్ఖండ్‌లో 2017-18 ప్రాంతంలో మరుగుదొడ్లు కట్టిన స్త్రీలను రాణీ మిస్త్రీలన్నారు. చూశారా, రాజమిస్త్రీ అన్న పాత మాటకు జంటగా కొత్త మాట పుట్టింది. చెయ్యి ముందు కదిలితే పేరు వెనకాలే వస్తుంది.

ఈ ఉదాహరణల్లో ఒక పోలిక గమనించాను. ఎక్కువసార్లు స్త్రీల చేతికి తాపీ వచ్చింది మరుగుదొడ్ల దగ్గర. మగ మేస్త్రీలు ఇష్టపడని, చిన్న, తక్కువ డబ్బొచ్చే పని. ఇల్లు, మేడ, అపార్టుమెంటు దాకా ఆ చెయ్యి చాలా తక్కువగా చేరింది. శిక్షణ అయ్యాక అడ్డా మీద నిలబడితే మళ్ళీ గమేళాయే అందిస్తారు. హైదరాబాదులోనూ 1998 నుంచీ నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. అదే ఏడాది సైబర్ టవర్స్ తెరిచారు, ఆ తరవాత నగరమంతా గోవలు లేచాయి. అంత నిర్మాణం జరిగిన ఊళ్ళో అడ్డా దగ్గర తాపీ సంచీ భుజాన వేసుకున్న స్త్రీ కనిపిస్తే ఇప్పటికీ వింతగానే చూస్తారు. 2015 తరవాత కేంద్ర పథకాల్లో ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. మంచిదే. అయితే ముందే వచ్చిన పని అన్న జాబితాలో మట్టి పూత ఎవరికీ గుర్తురాదు.

కాలం కూడా ఆగి ఎదురుచూడడం లేదు. పెద్ద పెద్ద అపార్టుమెంట్లు అల్యూమినియం మూసల్లో కాంక్రీటు పోసి కడుతున్నారు. ఆ గోడలకు గిలాబు అవసరం బాగా తక్కువ, పల్చని పుట్టీ చాలు. జిప్సం పూతలు వచ్చాయి. స్త్రీలు తలుపు తట్టేసరికి ఆ గదే చిన్నదవుతోంది. అంతకంటే విచిత్రం ఇంకొకటుంది. పర్యావరణ స్పృహ పెరిగి, మట్టి ఇళ్ళ మీద నగరవాసులకు ఆసక్తి పుట్టింది. ఆరోవిల్ వంటి చోట్ల మట్టి కట్టడాన్ని శాస్త్రంగా నేర్పుతున్నారు. డబ్బు కట్టి, సెలవు పెట్టి వెళ్ళి, పేడా మట్టీ తొక్కి పూయడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు. నేను వాళ్ళను వెక్కిరించడం లేదు. ఆ తరగతిలో గురువు స్థానంలో పాలమూరు స్త్రీ ఎందుకు లేదని మాత్రం అడుగుతున్నాను.

స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, చరిత్ర రాయడానికి కాగితాలే కాదు, మనుషుల జ్ఞాపకాలు కూడా ఆధారమని మనకు నేర్పింది. పని చరిత్రకు ఇంకో ఆధారం కూడా ఉందనుకుంటాను: చెయ్యి. సాయుధ పోరాటాన్ని గుర్తుచేసుకున్న స్త్రీలను కూర్చోబెట్టి విన్నట్టే, గోడలు పూసిన స్త్రీలను కూర్చోబెట్టి వినాలి. ఏ మట్టికి ఎంత ఊక, ఏ ఎండకు ఎంత తడి అన్నది రాసిపెట్టుకోవాలి. అది జానపద విజ్ఞానం కింద అటకెక్కించడానికి కాదు. కూలి రేటు దగ్గర, శిక్షణ అర్హత దగ్గర వాదించడానికి. మనం రాసే వ్యాసాల్లో 'నైపుణ్యం లేని స్త్రీ శ్రామికులు' అన్న మాట అలవాటుగా వస్తుంటుంది. నా థీసిస్‌లోనే రెండు చోట్ల ఉంది. ఇకమీద ఆ మాట రాసే ముందు నేను ఆగుతాను.

మా మిద్దె పని చివరి రోజుల్లో పిట్టగోడ మిగిలింది. బయటి వైపు వీధిలోకి కనిపిస్తుంది కాబట్టి మేస్త్రీయే పూశాడు. లోపలి వైపు ఆమెతో పూయిద్దాం, ఆ రోజుకు మేస్త్రీ కూలే ఇస్తాను అన్నాను. మేస్త్రీ ముందు నవ్వాడు, తరవాత "మీ గోడ, మీ ఇష్టం మేడం" అన్నాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "గుండు పట్టుడు రాదు నాకు" అంది. మర్నాడు పొద్దున ఆ మేస్త్రీయే గుండు దారం ఆమె చేతికిచ్చి, ముద్దలు ఎట్లా పెట్టాలో ఒకసారి చూపించాడు. చూపించడానికి పావుగంట పట్టింది. ఇరవై ఏళ్ళలో ఆ పావుగంట ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

మొదటి బారెడు గోడ ఎగుడుదిగుడుగానే వచ్చింది. తాపీతో కొడితే సగం మాలు కింద పడింది. కాసేపటికి ఆమె తాపీ పక్కన పెట్టి, అరచేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుంది. సిమెంటు చర్మాన్ని తినేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆమె వేళ్ళే చెబుతాయి. మట్టి పూసినట్టే కిందినుంచి పైకి ఒత్తుకుంటూ పోయి, ఆ తరవాత బద్దతో లాగింది. సాయంత్రానికి మూడోవంతు గోడ అయింది. వారం తరవాత వెళ్ళి చూశాను. మొదటి బారెడులో వంపుంది. ఎక్కడా పర్రె లేదు.